తలుపు బరువు

తొమ్మిదోసారి గీసిన ప్లాను ఇది.
బల్ల మీద పరిచి నాలుగు మూలలా
నాలుగు టీ గ్లాసులు పెట్టాను.
లేకపోతే చుట్టుకుపోతుంది,
ముట్టుకున్న అత్తిపత్తిలా.

ఆరో అంతస్తులో కంట్రోల్ రూమ్.
గోడంతా తెరలు, తెరల నిండా కూడళ్ళు:
జగదాంబ, మద్దిలపాలెం, గాజువాక.
ఊరు పడుకున్నా రెప్పవెయ్యని గోడ.
దానికి కరెంటు పోకూడదు, చెమట పట్టకూడదు.
రాసుకోమన్నారు, రాసుకున్నాను.

సర్వర్లకి చల్లటి గది.
తుపాకులకి పొడి గది.
జాగిలాలకి నీడా, స్నానానికి పంపూ.
డాబా మీద హెలికాప్టర్ దిగే వలయం.
హుద్‌హుద్ నాటి గాలి మళ్ళీ వీచినా
పగలని అద్దాలు.
ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము బతకదని
ఇంజనీరు లాలం వరహాలరావు
కిటికీలోంచి తన స్కూటర్ చూపించాడు:
"కొని మూడేళ్ళు కాలేదు, జల్లెడైపోయింది."
అందరూ నవ్వారు.
ఆ పూటకి అదొక్కటే నవ్వు.

సముద్రం ఎవరి కిటికీలోకి రావాలన్న దగ్గర
గంటన్నర ఆగాం.
తూర్పున ఐదు గదులే పడతాయి,
హోదాలు పదకొండు.

ఫైలు ఇవ్వడానికొచ్చిన కానిస్టేబుల్ సన్యాసమ్మ
పెద్దలు భోజనానికి లేచాక
ప్లాను మీదికి వంగింది.
"ఆడోలకి బాత్రూమెక్కడమ్మా?"
రెండో అంతస్తు చివర, అన్నాను.
"బందోబస్తులో పన్నెండు గంటలు నిలబడొచ్చాక
రెండో అంతస్తంటే సింహాచలం మెట్లేనమ్మా."
తర్వాత వేలితో గేట్లు లెక్కపెట్టింది.
అధికారులకొకటి, జీపులకొకటి,
సంకెళ్ళతో వచ్చేవాళ్ళకొకటి.
"మరి మనుషులో?"
ఏ మనుషులు?
"అదేనమ్మా. దెబ్బలు తిన్నోలు, పోగొట్టుకున్నోలు,
పిల్ల కనపడక రేతిరంతా తిరిగినోలు."

నాకు ఎనిమిదేళ్ళప్పుడు
మా మేనత్త ఎర్రాజమ్మ వెంట
వన్‌టౌన్‌లో ఒక స్టేషన్ దాకా వెళ్ళాను.
ఎవరో పడవ మోటారు ఎత్తుకుపోయారు.
గుమ్మం దగ్గర ఆగింది.
కొంగు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది.
లోపల ఎవరో దగ్గారు.
అంతే, నా రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది.
జాలరిపేట మలుపు దాకా మాట్లాడలేదు.
అక్కడ అంది:
"తలుపు మా బరువుగా ఉందే."

ఆ తలుపు తీసే ఉంది.

గాలి ఎంత తోస్తుందో లెక్క తెలుసు నాకు.
భూమి కదిలితే ఏ స్తంభం ఎంత మోస్తుందో తెలుసు.
తెరిచిన తలుపు బరువు
ఏ పట్టికలోనూ లేదు.

ఆ రాత్రి తూర్పు గదుల్లో ఒకటి చెరిపేసి
నేలమట్టంలో ఒక హాలు గీశాను.
వీపు ఆనించుకునే బెంచీ.
చెప్పేవాళ్ళూ రాసుకునేవాళ్ళూ
ఒకే ఎత్తున కూర్చునే బల్ల.
మంచినీళ్ళు. పక్కనే, సన్యాసమ్మ అడిగినది.
ఎదురుగా, అద్దంలేని కిటికీలో,
డాల్ఫిన్స్ నోస్ కొస.

పదో ప్లాను నాకు తిరిగొచ్చేసరికి
హాలు మీద ఎర్రసిరా అడ్డగీత.
"ఖర్చు తగ్గింపు. ఇచ్చట స్కానర్."
బాత్రూము మాత్రం కిందే ఉంచారు.
ఎవరు ఒప్పించారో తెలీదు.
స్కానర్ పక్కన మిగిలిన ఆరడుగుల్లో
పెన్సిలుతో బెంచీ మళ్ళీ గీసి
తిప్పి పంపాను.
జవాబింకా రాలేదు.

ఇవాళ ఎండాడ వాలులో శంకుస్థాపన.
ఎర్రమట్టి మీద సున్నంతో గోడల గీతలు,
నిన్నటి వానకి సగం చెరిగినవి.
షామియానా కింద కుర్చీలకి తెల్లగుడ్డలు.
కార్లు ఇంకా రాలేదు.
తెల్లారి నాలుగింటి నుంచీ డ్యూటీలో ఉన్న సన్యాసమ్మ
అటూ ఇటూ చూసి, టోపీ తీసి,
ఒక సిమెంటు బస్తా మీద చతికిలబడింది.

నేను అడుగులు వేసి కొలుచుకున్నాను.
స్కానర్ గీతకి ఇవతల, ఆరడుగుల్లోనే.

"గాలి బాగొస్తందమ్మా ఇక్కడ," అంది,
బూటు లేసు వదులు చేసుకుంటూ.